ఆలస్యమైన చోట విశ్వాసం

కోస్గి చుట్టూ ఉన్న తండాల్లో ఏసును నమ్ముకున్న ఇళ్ళ పిల్లలు మమ్మల్ని తరచూ ఒక మాట అడుగుతారు. "ఇన్నేండ్ల సంది ప్రార్థన చేస్తనే ఉన్నం కదా, మరి మన బతుకెందుకు మారలే?" దానికి అవిశ్వాసమని పేరుపెట్టి వాళ్ళ నోరు మూయించడం సులువే. కానీ అది న్యాయం కాదు. ఆ ప్రశ్న పెద్దవాళ్ళమైన మా మనసుల్లోనూ ఉంది. పైకి అనం, అంతే.

మా దిక్కు మనిషిని కష్టం కంటే ఎక్కువగా కుంగదీసేది ఆలస్యం. వాన ఆలస్యమైతే కంది, జొన్న విత్తనం మూటలోనే ఉంటుంది. పంట చేతికి రాకపోతే పుణె, ముంబై బాట తప్పదు. అమ్మానాన్నల వెంట పోయిన పిల్లల చదువు నడుమ తెగుతుంది. ఇల్లు, పెళ్ళి, పట్టా, కొలువు అన్నీ "వచ్చే ఏడు"కు జరుగుతాయి. పెద్ద లెక్క చూసినా అంతే. ఆంధ్ర ప్రాంతపు సుగాలీలు 1956 నాటికే షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉంటే, అదే గోర్‌బోలి మాట్లాడే తెలంగాణ లంబాడీలు 1976 చట్టం దాకా ఆగవలసి వచ్చింది. నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతలకు 2014లో జీవో వస్తే, శంకుస్థాపన 2024 ఫిబ్రవరిలో కోస్గిలో జరిగింది. పదేండ్లంటే ఒకటో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతి ముగించే కాలం.

ఇటువంటి చోట విశ్వాసం నిలుపుకోవడం అంటే ఏమిటి? ఏది కాదో ముందు చెప్పుకుందాం.

విశ్వాసం బేరం కాదు. "ఆదివారం తప్పకుండా మందిరానికి వస్తా, నా బోరులో నీళ్ళు పడాలి" అనుకుంటే, నీళ్ళు పడని రోజున దేవునితో తెగతెంపులే మిగులుతాయి. ఈ విషయంలో తెలుగు నేల మీదే జరిగిన ఒక సంగతి మన యువకులు తెలుసుకోవాలి. 1876–78 కరువులో ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలిగొన్న వేలమందికి కూలి పని చూపించాడు. ఆ రోజుల్లోనే ఎంతోమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం సాగినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చినవాళ్ళెవరో, దేవుని కోసం వచ్చినవాళ్ళెవరో తేలాలంటే తిండి పంచే చేయి పక్కకు తప్పుకోవాలి అనుకున్నాడు. సాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు, ఊరి చివర బతికినవాళ్ళు. ఆ మిషన్ తరఫునే ఎల్బర్ట్ చ్యూట్ 1885లో పాలమూరులో కేంద్రం తెరిచాడు.

ఆ ఆలస్యం వాళ్ళను చిన్నబుచ్చలేదు. మీది ఆకలి మాత్రమే కాదు, మీకూ ఒక మనసుంది, ఒక నిర్ణయం ఉంది అని గుర్తించింది. ఇప్పటికీ మనల్ని చూసి "బియ్యం కోసం మతం మారినోళ్ళు" అనేవాళ్ళున్నారు. ఏమీ దొరకని ఏండ్లలో కూడా నిలబడిన మన అవ్వలు, తాతలు ఆ మాటకు జవాబు.

విశ్వాసం మత్తుమందు కూడా కాదు. ఇది రెండో పొరపాటు, మన సంఘాల్లో ఎక్కువగా కనిపించేది. ఆఫీసులో కాగితం ఆగిపోతే, కూలి డబ్బులు మేస్త్రీ ఎగ్గొడితే, తండాకు రోడ్డు రాకపోతే "అంతా దేవుని చిత్తం" అని సరిపెట్టుకుంటాం. మనుషులు చేసిన జాప్యాన్ని దేవుని మీద వేయడం భక్తి ఎలా అవుతుంది? అది ఆయన మీద మోపిన నింద. ఏసు చెప్పిన విధవరాలి ఉపమానం గుర్తు చేసుకోండి. దేవునికి భయపడని న్యాయాధిపతి దగ్గరకు ఆమె మళ్ళీ మళ్ళీ పోయింది. విసుగెత్తి అతడే న్యాయం చేశాడు. విసుగక ప్రార్థన చేయాలని చెప్పడానికి ఏసు ఎంచుకున్నది గదిలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకునే మనిషిని కాదు, ఆఫీసు గడప అరిగేలా తిరిగే ఆడమనిషిని. ప్రార్థన చేసిన చేత్తోనే అర్జీ రాయవచ్చు. వాన రాకడ మన చేతిలో లేదు, దాన్ని ఓర్చుకోవాలి. కాగితం కదలిక మనుషుల చేతిలో ఉంది, దాన్ని అడగాలి. ఏది ఏదో విడదీసి చూడడం కూడా విశ్వాసంలో భాగమే.

మరి విశ్వాసమంటే ఏమిటి? మాకు తోచిన మంచి ఉదాహరణ యిర్మీయా ప్రవక్త కొన్న పొలం. యెరూషలేమును శత్రువులు ముట్టడించారు. యిర్మీయా చెరలో ఉన్నాడు. ఊరు పోవడం ఖాయమని చెప్పినవాడే ఆయన. అయినా అనాతోతులో బంధువు పొలాన్ని 17 తులాల వెండి తూచి కొన్నాడు, సాక్షులను పెట్టాడు, పత్రాలు చాలాకాలం చెడకుండా మంటికుండలో పెట్టించాడు. ఇళ్ళు, పొలాలు, ద్రాక్షతోటలు ఆ దేశంలో మళ్ళీ కొంటారని ఆయనకు దొరికిన మాట. భూమి కాగితం విలువ ఎరిగిన మనకు ఈ కథ ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

అయితే ఒక నిజం దాచకూడదు. ఆ పొలాన్ని యిర్మీయా దున్నుకున్నట్టు బైబిల్లో ఎక్కడా లేదు. చివరికి ఆయన్ని ఐగుప్తుకు తీసుకుపోయారు. మాట నెరవేరింది, కానీ ఆయన బతుకులో కాదు. మన తండాల్లోనూ ఎదురుచూస్తూనే కన్నుమూసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ విశ్వాసం తక్కువై అలా జరిగిందని చెప్పే బోధను మేము ఒప్పుకోము. నమ్మితే తొందరగా దొరుకుతుందని వాక్యం మాట ఇవ్వలేదు. ఎదురుచూసే రోజుల్లో మనం ఒంటరివాళ్ళం కామని మాత్రం ఇచ్చింది.

అందుకే విశ్వాసాన్ని దొరికినదానితో కాకుండా, దొరకని రోజుల్లో మనం వదలని పనులతో కొలవాలంటాం. వలస పోయినా పిల్లల బడి వదలకపోవడం, అందుకు సీజనల్ హాస్టల్ ఉంటే అడిగి చేర్పించడం. పుణెలో అడ్డా మీద నిలబడిన రోజున కూడా పక్కవాడి కూలి మింగకపోవడం. తీజ్ ఆడే అన్న, సేవాలాల్‌కు భోగ్ పెట్టే చిన్నాన్న కష్టంలో ఉంటే, మన మందిరానికి రారు కదా అని ఊరుకోకుండా ముందు వాళ్ళింటికి పోవడం. కరువు మతం అడిగి రాదు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. సంక్రాంతి తర్వాత కనిపించకుండా పోయి, జూన్‌లో తిరిగొచ్చిన పిల్లను "ఇన్ని రోజులు ఎక్కడున్నవ్?" అని అందరి ముందు నిలదీయకండి. ఆగిపోయిన పాఠం దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. యువకులారా, మీ ప్రశ్నను మానకండి. ఆ ప్రశ్నను ప్రార్థనలో దేవుణ్ణి అడగండి, గ్రామసభలో అధికారులను అడగండి. వాన పడ్డాక విత్తనం వెతుక్కునేవాడికి అదును దాటిపోతుంది. వానకు ముందే దుక్కి దున్ని, విత్తనం బాగుచేసి పెట్టుకోవడం మన పెద్దలు మనకు నేర్పిన పనే.