దుఃఖమును వినుటయు దాసోహమే

పూర్వము ఏనుగు మల్లమ్మ కొండ యనబడిన హార్స్లీ హిల్స్ క్రింద మదనపల్లె, పుంగనూరు సీమ టమాటా పంటకు పేరుగన్నది. ఆ పంట యొకనాడు ధనము కురిపించును. మరొకనాడు కోత కూలియు, బండి కిరాయియు గిట్టక బాటప్రక్కన పారబోయబడును. కుప్పము వరకు గల మెట్టపొలములలో బోరుబావి యెండినను అప్పు యెండదు. అట్టి వేళ గృహస్థుని మనస్సు మౌనము వహించును. తిండి తగ్గును, నిద్ర తొలగును, "నేను లేకున్న మీరు సుఖపడుదురు" అను మాట నోట వెలువడును. ఇంటివారు దానిని విసుగుమాటగ తలచి విడిచిపెట్టుదురు. విడువరాదు. అది సాయమును కోరు పిలుపు.

దేహము లింగమునకు నెలవు. కావున ప్రాణము తీసికొనరాదని పెద్దలు బోధింతురు. బోధ సత్యమే. కాని దుఃఖమున మునిగినవానికి దానిని పాపభయముగ వినిపించినచో అతడు మరింత ముడుచుకొనిపోవును. ఆ బోధ ముందుగ వర్తించునది చుట్టునున్నవారికి. ఎదుటివాని దేహమును లింగనిలయమే యైనపుడు దానిని కాపాడు భారము అందరిది.

12వ శతాబ్దమున కల్యాణమందలి అనుభవ మంటపమున అల్లమప్రభువు అధ్యక్షుడుగ, వేర్వేరు వృత్తుల శరణులు, స్త్రీలు సైతము, తమ అనుభవమును చెప్పుకొనిరి. చెప్పుకొనువారుండవలెనన్న వినువారుండవలెను. బసవేశ్వరుడు నేర్పిన దాసోహము అన్నముతో ముగియదు, చెవియొగ్గుటయు దాసోహమే.

వినువాడు "చచ్చిపోవలెనని తోచుచున్నదా?" అని మృదువుగ, సూటిగ అడుగవచ్చును. అడుగుటచే ఆ తలంపు కొత్తగ పుట్టదు. గుండెబరువు కొంత దిగును. అవునన్నచో అతనిని ఒంటరిగ విడువక, పురుగుమందులను ఇంటనుండి తొలగించి, వేరొకచోట తాళము వేసి యుంచవలయును. ఆ ఘడియ దాటినచో పలువురు బ్రతుకునే కోరుకొందురు. వైద్యుని చూపుట అవమానము కాదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వ మారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగ, తెలుగున సలహా లభించును.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము తీసికొనబోయినవానిని తీవ్ర మనోవ్యథలో నున్నవానిగ నెంచి, శిక్షకు మారుగ చికిత్సయు, సంరక్షణయు కల్పింపవలెనని ప్రభుత్వమునకు విధించినది. చట్టమే కరుణ చూపినపుడు భక్తసమాజము కఠినమగుట తగునా? అట్టి మరణము సంభవించిన ఇంటి గడప తొక్కుట మానరాదు; మిగిలినవారితో కలిసి భుజింపవలయును.

ధర పడిన దినమున సంతనుండి వట్టిచేతులతో మరలిన పొరుగువాని అరుగుపై కొంతసేపు కూర్చుండుట, నాటి పూజలో భాగమే.