గీమె దమ్ము ఏడ తీస్కుంటది?

జహీరాబాద్ దగ్గర ఒక పల్లెలో ఇసుర్రాయి ముందు కూర్చుని ఒక అవ్వ పాడిన పాటని కొన్నేళ్ల కిందట రికార్డు చేశాను. నగరంలో ఒక స్టూడియోకి ఇచ్చి ‘శుభ్రం’ చేయించాను. వెనక కీబోర్డు, తబలా పెట్టించాను. సీడీ తీసుకెళ్లి ఎంతో సంబరంగా వినిపించాను. అవ్వ చివరిదాకా విని, “పాట మాదే గని బిడ్డా, గీమె దమ్ము ఏడ తీస్కుంటది?” అంది.

పాడింది ఆమే. ఆ గొంతు తనదని ఆమెకి తెలియలేదు.

స్టూడియో కుర్రవాణ్ణి అనడానికేమీ లేదు, నేను అడిగిందే చేశాడు. ఊపిరి చప్పుళ్లు, రాయి గరగర, మధ్యలో వచ్చిన దగ్గు కత్తిరించాడు. శ్రుతి జారినచోట సాఫ్ట్‌వేర్‌తో సరిచేశాడు. లయ ఊగినచోట కంప్యూటర్ గళ్లలోకి జరిపాడు. అంతా అయ్యాక, “తబలా మరీ మిషన్‌లా ఉంది మేడమ్” అంటూ ‘హ్యూమనైజ్’ అనే బటన్ నొక్కాడు. 1983 నుంచి వాడుకలో ఉన్న మిడి పద్ధతిలో ప్రతి దెబ్బ బలానికీ 0 నుంచి 127 లోపు ఒక అంకె ఉంటుంది. ఆ బటన్ ఆ అంకెల్ని కాస్త చెదరగొడుతుంది, దెబ్బల్ని సెకనులో కొన్ని వెయ్యోవంతులు అటూ ఇటూ జరుపుతుంది. అవ్వ పాటలోని ఒడుదొడుకుల్ని తప్పులని తీసేసి, అచ్చం అలాంటివే కొన్ని యంత్రం చేత వేయించామన్నమాట! అప్పుడు నాకిది వింతగా కూడా తోచలేదు.

అవ్వ పాటలో లయ ఊరికే ఊగలేదు. ఇసుర్రాయికి ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడిని పట్టుకుని తిప్పుతారు. ఒకరి చెయ్యి లాగుతుంటే రెండో చెయ్యి వదులవుతుంది. ఖాళీగా ఉన్న చెయ్యి పిడికెడు జొన్నలు తీసి రాయి నోట్లో పోస్తుంది. అప్పుడు రాయి బరువెక్కుతుంది, పాట సాగుతుంది. గింజలు నలిగాక రాయి తేలికపడి పాట ఉరుకుతుంది. చెయ్యి నొప్పి పుడితే చరణం పొడవు మారుతుంది. దమ్ము తీసుకునే చోటు ఇద్దరి మధ్యా కుదురుతుంది. నేను లయ తప్పిందనుకున్న ప్రతిచోటా ఒక పని జరుగుతోంది. ఇంటి చాకిరీ కనబడకుండా పోవడం గురించి ఎన్ని వ్యాసాలు రాసుకున్నామో మనం! నా చేతిలో అది వినబడకుండా కూడా పోయింది.

జర్మనీలోని గెట్టింగెన్‌లో పరిశోధకులు మనుషుల తాళంలోని తేడాల్ని కొలిచి 2011లో ప్రచురించారు. ఆ తేడాలు గాలివాటంగా రావట. ఇప్పటి దెబ్బలోని తొట్రుపాటుకి ఎంతో ముందరి దెబ్బలతో సంబంధం ఉంటుంది. విన్నవాళ్లు కూడా బటన్ చల్లే గుడ్డి తేడాలకంటే అలాంటి తేడాలనే ఇష్టపడ్డారు. అంటే మన తప్పులకీ జ్ఞాపకముంటుంది. అయితే ఆ జ్ఞాపకాన్నీ లెక్కగట్టి యంత్రానికి నేర్పొచ్చు. ఇప్పుడు కృత్రిమ మేధ ఊపిరి తీసుకునే చప్పుడుతో సహా పాడుతోంది. అచ్చం మనిషిలా ఉందా లేదా అన్న పరీక్షలో రేపోమాపో అది నెగ్గుతుంది కూడా. కాబట్టి ‘యంత్రానికి ఆత్మ లేదు’ అని మనం నిట్టూర్చడం నాకు పెద్ద వాదనగా అనిపించదు. ఆ ఊపిరి ఎవరి దగ్గర నేర్చింది, వాళ్లని అడిగారా అన్నదే నా ప్రశ్న.

2020లో మరణించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతుని 2023 నాటి ‘కీడాకోలా’ సినిమాలో తమ అనుమతి లేకుండా కృత్రిమంగా పుట్టించారంటూ ఆయన కుమారుడు చరణ్ నోటీసు పంపారు. 2024లో ‘లాల్ సలామ్’ కోసం రెహమాన్ చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడుకున్నప్పుడు వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బు కూడా ఇచ్చామన్నారు. మరి అవ్వ తరఫున నోటీసు ఎవరు పంపుతారు? ఎవరికి పంపుతారు? సీడీ అట్ట మీద ‘సంప్రదాయ గీతం’ అనీ, కింద ‘సేకరణ’ అని నా పేరూ ఉన్నాయి. నోటీసు ముందు నాకే రావాలి.

అదే జహీరాబాద్ ప్రాంతంలో, మాచునూరులో, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది దళిత స్త్రీలే. తమ పాటల్ని తామే రికార్డు చేసుకుని, ఏది ఉంచాలో ఏది తియ్యాలో తామే తేల్చుకున్నారు. నా రికార్డింగులో మైకు నా చేతిలో ఉంది. ఆ తేడా నాకు అర్థం కావడానికి అవ్వ ప్రశ్న కావలసివచ్చింది.

ఈసారి కత్తిరించని రికార్డింగు తీసుకెళ్లాను. రాయి చప్పుడు రాగానే అవ్వ నవ్వింది. దగ్గు దగ్గర ముఖం చిట్లించి, “గది ఎందుకుంచినవ్? తీసెయ్” అంది. ఎంతో పవిత్రంగా దాచుకొచ్చిన సహజత్వం! తీసేస్తానన్నాను. అట్ట మీద పేరు వేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. “నా ఒక్కదాని పేరేంది? అవుతలి చెయ్యి ఎవలిది?” అంది. ఆ రెండో ఆవిడ పేరు నేను రాసుకోనే లేదు. ఇప్పుడు పటాన్‌చెరులో కూతురి దగ్గర ఉంటోందట. వెళ్లి అడగాలి.