తండ్రి అప్పగించిన రెండు పనులు



జనాజా నమాజుకు సఫ్‌లు నిలబడ్డాక పెద్దకొడుకు ముందుకు వచ్చి, “మా అబ్బాజాన్ వల్ల ఎవరి మనసైనా నొచ్చి ఉంటే మాఫ్ చేయండి, ఎవరికైనా బాకీ ఉంటే మాతో చెప్పండి” అని అడగటం మన మొహల్లాలలో అందరం చూసిందే. మంచి ఆచారమే. కాని నాలుగు రోజుల తర్వాత కిరాణా కొట్టాయన ఖాతా పుస్తకం పట్టుకుని వస్తే మన ముఖాలు ఎలా మారతాయో కూడా మనకు తెలుసు. అదే ఇంట్లో నలభయ్యో రోజు దావతుకు మాత్రం దేగ్‌లు పొయ్యి మీదికి ఎక్కుతాయి.

ఆలుబిడ్డల కోసం చెమటోడ్చి బతికిన మనిషి కన్ను మూస్తే ఆయన్ను ఎలా గుర్తు చేసుకోవాలి? దీనికి జవాబు మేము హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఇంట్లో వెతుకుదామనుకున్నాం.

ఆయన తండ్రి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ బిన్ హరామ్ (రజి) మదీనా అన్సారులు. అఖబా ప్రమాణం నాడు నియమితులైన 12 మంది నఖీబులలో ఒకరు. అంతటి పెద్దమనిషి ఇంట్లో ఉన్నదేమిటి? కొన్ని ఖర్జూరపు చెట్లు, నెత్తి మీద అప్పు, ఇంటినిండా ఆడపిల్లలు. కూతుళ్ళు ఆరుగురని ఒక ఉల్లేఖనంలో, తొమ్మండుగురని మరో ఉల్లేఖనంలో ఉంది. ధర్మయుద్ధానికి తాను వెళుతూ కొడుకును మాత్రం ఇంటి దగ్గరే ఆపేవారు. ఇంట్లో మగదిక్కు లేకుండా ఆ పిల్లల్ని వదిలి ఇద్దరం వెళ్ళటం తగదని ఆయన ఉద్దేశం.

హిజ్రీ 3వ సంవత్సరం (క్రీ.శ. 625), ఉహుద్ యుద్ధానికి ముందటి రాత్రి. ఆయన జాబిర్ (రజి)ను దగ్గరకు పిలిచారు. రేపు మొదట ప్రాణాలర్పించే వారిలో తానూ ఉంటానని అనిపిస్తోందన్నారు. దైవప్రవక్త (స) తర్వాత తనకు కొడుకుకంటే ప్రియమైన వారు లేరన్నారు. ఆ పైన రెండే పనులు అప్పగించారు: అప్పు తీర్చు, చెల్లెళ్ళను మంచిగా చూసుకో. తన పేరున ఏదో జరిపించమని మాత్రం ఒక్క మాట అనలేదు.

తెల్లవారాక అలాగే జరిగింది. శత్రువులు ఆయన భౌతికకాయాన్ని ఛిద్రం చేశారు. జాబిర్ (రజి) ముఖం మీది బట్ట తొలగించి ఏడుస్తుంటే జనం వారించారు గాని, ప్రవక్త (స) వారించలేదు. మేనత్త కూడా ఏడ్చింది. ఆయన్ను అక్కడి నుంచి ఎత్తేవరకూ దైవదూతలు తమ రెక్కలతో నీడ పట్టే ఉన్నారని ప్రవక్త (స) వారికి తెలిపారు. గుండెలు బాదుకుని శోకాలు పెట్టడమే నిషిద్ధం. కన్నీరు పెట్టిన కొడుకును ఎవరూ తప్పు పట్టనక్కర లేదు.

ఇక అప్పు. ఒక్క అప్పులవానికే 30 వస్ఖుల ఖర్జూరం బాకీ. వస్ఖు అంటే 60 సాలు. కొంచెం గడువు అడిగితే అతను ఒప్పుకోలేదు. ప్రవక్త (స) స్వయంగా సిఫారసు చేసినా వినలేదు. అయినా జాబిర్ (రజి), ‘అప్పు చేసింది నాన్న, నన్నెందుకు అడుగుతావు’ అనలేదు. ప్రవక్త (స) ఆ తోటలోకి వెళ్ళి చెట్ల మధ్య నడిచారు, తర్వాత కాయలు కోసి ఇచ్చేయమన్నారు. 30 వస్ఖులూ చెల్లించగా ఇంకా 17 వస్ఖులు మిగిలాయి!

రెండు దీనార్ల బాకీ ఉన్న ఒక వ్యక్తి జనాజా నమాజు చేయించకుండా ప్రవక్త (స) వెనుదిరగబోయారనీ, అబూ ఖతాదా (రజి) ఆ బాకీని తన మీద వేసుకున్నాకే చేయించారనీ చెప్పిన వారిలో ఈ జాబిర్ (రజి) కూడా ఉన్నారు. దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో కూడా వారసుల వాటాలు అప్పు తీరిన తర్వాతే. మనవాళ్ళు దుకాణం, ఇల్లు ముందు పంచుకుంటారు, అప్పు సంగతి అప్పులవాళ్ళే ఎత్తాలి. కూతుళ్ళ వాటానైతే ఎవరూ ఎత్తరు.

జాబిర్ (రజి) అప్పటికి యువకులు. అయినా అంతకు ముందే పెళ్ళయి ఉన్న ఒక స్త్రీని వివాహమాడారు. ఒక ప్రయాణంలో ప్రవక్త (స) ఈ విషయం తెలిసి, కన్యను ఎందుకు చేసుకోలేదని అడిగారు. నాన్న చిన్నపిల్లల్ని వదిలి వెళ్ళారు, వాళ్ళ ఈడుదాన్నే ఇంకొకర్ని తెచ్చిపెట్టడం ఇష్టం లేకపోయింది, వాళ్ళకు తల దువ్వి బాగోగులు చూసే మనిషి కావాలనుకున్నానని ఆయన విన్నవించుకున్నారు. ప్రవక్త (స) మంచి పని చేశావన్నారు.

ఆ ప్రయాణంలోనే ప్రవక్త (స) ఆయన ఒంటెను బేరమాడి కొన్నారు. మదీనా చేరాక ధరా ఇచ్చారు, ఒంటెనూ తిరిగి ఇచ్చేశారు. ఆ ఒంటె రాత్రి ప్రవక్త (స) తన క్షమాభిక్ష కోసం 25 సార్లు ప్రార్థించారని జాబిర్ (రజి) చెప్పుకునేవారు. ఈ హదీసును నమోదు చేసిన ఇమామ్ తిర్మిజీ (రహ్మ) దాని కిందే కారణం కూడా రాశారు: తండ్రి వదిలి వెళ్ళిన ఆడపిల్లల్ని జాబిర్ పోషిస్తున్నందువల్లే ప్రవక్త (స) ఆయన పట్ల అంత దయ చూపేవారట.