సైనికుని స్మారకము ఎదుట విశ్వాసి



హైదరాబాదునుండి విజయవాడకు పోవు దారిలో సూర్యాపేట మీకు తెలియని ఊరు కాదు. వ్యాజ్యముల పనిమీదనో, ఆసుపత్రికనియో మనలో అనేకులము అక్కడ బస్సు దిగినవారమే. 2016 వరకు అది మన నల్లగొండ జిల్లాలోనిదే. ఆ పట్టణపు కోర్టు చౌరస్తాలో ఒక సైనికుని విగ్రహమున్నది. అది కర్నల్ సంతోష్ బాబుగారిది. 2021 జూన్ 15న దానిని ఆవిష్కరించి, ఆ కూడలికి ఆయన పేరే పెట్టిరి. క్రైస్తవుడు దానియెదుట తల వంచవచ్చునా, దండ వేయవచ్చునా అని మన సంఘములలో అడుగువారున్నారు.

అడుగువారికి రెండు సంకోచములు. మొదటిది విగ్రహమను మాట. దీనిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. యొర్దాను దాటిన తరువాత యెహోషువ గిల్గాలులో పండ్రెండు రాళ్లు నిలువబెట్టించెను, పిల్లలు ఇవేమిటని అడిగినప్పుడు జరిగినది చెప్పవలెనని. మొక్కుట వేరు, జ్ఞాపకము చేసికొనుట వేరు. ఈ భేదము ఆదివారపు బడి పిల్లవాడును ఎరుగును.

రెండవది బరువైనది. శత్రువును ప్రేమించుమని నేర్పిన ప్రభువు శిష్యుడు, యుద్ధము చేసినవానిని ఎట్లు ఘనపరచును? ఈ ప్రశ్న మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1890లో అమెరికను బాప్తిస్టు మిషను పక్షమున నల్లగొండలో పని ఆరంభించిన అబ్రాహాము ఫ్రీసెన్ దొరగారు నాటి రష్యా సామ్రాజ్యమునుండి వచ్చిన మెన్నోనైటు. మహబూబ్‌నగరు, నాగర్‌కర్నూలు సీమలలోని మెన్నోనైటు బ్రదరెన్ సంఘములు ఆ జనుల సేవవలన పెరిగినవే. వారు కత్తి పట్టమన్న జనము. 1874లో రష్యా చక్రవర్తి అందరికి సైనిక సేవ విధింపగా, వేలమంది పండిన భూములు విడిచి అమెరికాకు ఓడ ఎక్కిరి. మిగిలినవారి కుమారులు తుపాకికి బదులు అడవులలో చెట్లు నాటు సేవ చేసిరి. మన పెద్దలకు బైబిలు చేతికిచ్చినవారు ఇట్టివారు. వారి సాక్ష్యమును తేలికగా త్రోసివేయుట తగదు.

అయితే ఆ సైనికుడు ఎట్లు చనిపోయెనో కూడ తెలిసికొనవలెను. ఆయన విజయనగరము జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 2004లో బీహారు రెజిమెంటు 16వ పటాలములో అధికారిగా చేరి, 2019 చివర దానికే అధిపతి ఆయెను. 2020 జూన్ 15 రాత్రి, ఇక్కడ మన రైతులు పత్తి గింజలు పెట్టు దినములలో, లడఖ్‌లోని గల్వాను నదియొద్ద, సుమారు 14,000 అడుగుల ఎత్తున, మనవారికిని చైనా సైనికులకును ఘర్షణ జరిగెను. హద్దు రేఖకు రెండు కిలోమీటర్లలోపల తుపాకి కాల్చరాదని రెండు దేశములు 1996లో ఒడంబడిక చేసికొని యుండెను. ఆ రాత్రి తుపాకులు పేలలేదు. రాళ్లు, కర్రలు, ఇనుప కడ్డీలు చాలెను. మనవారు 20 మంది మరణించిరి. వారిలో 17 మంది గాయపడి, గడ్డకట్టు చలిలో ప్రాణము విడిచినవారు. నలువది అయిదేండ్లుగా ఆ సరిహద్దున ఇట్టి మరణములు లేవు.

ఆ 20 మంది అందరు ఒక పటాలమువారు కారు. బీహారు పటాలములవారు, పంజాబు పటాలమువారు, ఫిరంగి దళమువారు. తమిళుడు, సిక్కులు, జార్ఖండు ఆదివాసి. లడఖ్‌లో దౌలత్ బేగ్ ఓల్డీకి పోవు రోడ్డు ప్రక్క నిలిపిన స్మారకముమీద వారి పేర్లన్నియు ఉన్నవి. 2019లో ఢిల్లీలో తెరచిన జాతీయ యుద్ధ స్మారకములోను తరువాత చెక్కిరి. సూర్యాపేటలో నిలిచినది ఒక్కడే. ప్రతి ఊరు తన బిడ్డకొరకు ఏడ్చును, అది తప్పు కాదు. తెలంగాణ ప్రభుత్వము ఆ కుటుంబమునకు 5 కోట్లు ఇచ్చుటయే గాక, తక్కిన 19 కుటుంబములకును పదేసి లక్షలు ప్రకటించెను. 2022లో ముఖ్యమంత్రి రాంచీకిని పాట్నాకును పోయి కొందరికి చెక్కులు అందజేసెను. అందులో రాజకీయము లేదా అని అడుగుదురు. ఉండనిండు. పుచ్చుకొనిన తల్లి ఇల్లు మాత్రము నిలిచినది గదా.

చైనావారు ఎనిమిది నెలలు నోరు మెదపక, 2021 ఫిబ్రవరిలో తమవారు నలుగురు చనిపోయిరని చెప్పిరి. ఒకడు నది దాటుచు కొట్టుకొని పోయెనట.

రెండవ సమూయేలు 23వ అధ్యాయము తెరువుడి. దావీదు దాహముగొని, బేత్లెహేము గవినియొద్ద బావి నీళ్లు ఎవరైన తెచ్చిన బాగుండునని ఆశపడెను. ముగ్గురు బలాఢ్యులు ఫిలిష్తీయుల దండులోనుండి చొచ్చుకొనిపోయి తెచ్చిరి. అతడు త్రాగలేదు. ప్రాణములకు తెగించి తెచ్చిన ఆ నీళ్లు అతనికి వారి రక్తమువలె కనబడెను. యెహోవా సన్నిధిని పారబోసెను. తెచ్చినవారిని గద్దింపలేదు, తుచ్ఛముగా ఎంచలేదు. అయితే వారి ప్రాణమును తన దాహమునకు వాడుకొనలేదు.

మనము త్రాగుచున్నాము. టీ హోటలులో కూర్చుండి, మంచు ఎట్లుండునో చూడనివారము, వారి మరణముమీద మీసము దువ్వుచున్నాము. ఎన్నికల సభలో త్రాగుచున్నారు. 2020లో మన దేశపు నగరములలో ఈశాన్య రాష్ట్రముల పిల్లలను ముఖము చూచి చైనావారని హేళన చేసిరని పత్రికలలో చదివితిమి. వారిలో ఎందరో నాగాలాండు, మిజోరము సంఘముల బిడ్డలు, మన సహవిశ్వాసులు. సంతోష్ బాబుగారి తల్లియైతే, దేశముకొరకు గర్వము, తల్లిగా దుఃఖము, రెండును కలవని చెప్పెను. ఆమె దుఃఖమును మనము గర్వముతో కప్పివేయుటకు మనకేమి హక్కు?

ఆ అధ్యాయము చివర దావీదు శూరుల పేర్ల పట్టిక యున్నది. అదియు ఒక యుద్ధ స్మారకమే. అందులో కడపటి పేరు హిత్తీయుడైన ఊరియా. అన్యజనుడు, రాజు వ్రాసిన ఉత్తరమువలననే యుద్ధపు ముందు వరుసలో నిలువబడి చచ్చినవాడు. ఆ పేరు అక్కడ ఉన్నంతకాలము, పంపినవాడెవడని చదువువాడు అడుగకపోడు. మన పాలకులను కూడ ఆ ప్రశ్న అడుగుట సైనికుని అవమానించుట కాదు.

కాబట్టి అడిగినవారికి నా జవాబు ఇది. నిలువుడి, తల వంచుడి. దండ సంగతి మీ మనస్సాక్షికి విడుచుచున్నాను. పగను రేపు నినాదము లేచినయెడల దానిలో గొంతు కలుపకుడి. జూన్ 15 దగ్గరి ఆదివారమున ఆ 20 పేర్లు ఆరాధనలో చదువుడి. రెండు నిమిషములు చాలును. చివర ఆ నలుగురి తల్లులను కూడ ప్రార్థనలో తలంచిన, కొందరు సణుగుదురు. సణుగనిండు. ఆరాధన ముగిసిన తరువాత వారితోకూడ చాపమీద కూర్చుండి, ఆ బావి నీళ్ల సంగతి చదివి వినిపించుడి.