లెక్కలోకి రాని ఏళ్ళు

ప్రభుత్వోద్యోగికి ప్రమోషన్ ఎందుకివ్వాలి? బాగా పనిచేసినందుకు బహుమానంగానా, పైకుర్చీ ఖాళీ అయింది కాబట్టా, లేక ఇన్నేళ్ళుగా ఉన్నాడు కాబట్టా? రెగ్యులర్ సర్వీసులో ఉన్న మాబోటివాళ్ళం ఈ ప్రశ్న వేసుకోం. సీనియారిటీ లిస్టులో మన పైన ఎందరున్నారు, వాళ్ళెప్పుడు రిటైరవుతారు అన్న లెక్క దగ్గరే ఆగిపోతాం. ఆ లిస్టులో పేరే లేని మనిషి పక్క టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నప్పుడు మాత్రం ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది.

మా ఆఫీసులో అలాంటావిడ ఒకరున్నారు. పదహారేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో, ఏ బిల్లుకి ట్రెజరీ వాళ్ళు ఏ కొర్రీ వేస్తారో ఆవిడకే తెలుసు. ఆమధ్య పోటీపరీక్ష రాసి వచ్చిన కుర్రాడికి ఆర్నెల్లపాటు పని నేర్పారు. మరుసటేడు ఆవిడ రెన్యువల్ కోసం ‘పని సంతృప్తికరం’ అని పెట్టాల్సిన నోటు ఆ కుర్రాడి సీటు నుంచే మొదలైంది. అతను మంచివాడే. “మేడమ్, మీరే రాసివ్వండి, నేను సంతకం పెడతా” అన్నాడు. ఆవిడ రాసిచ్చారు. ఎవరూ ఎవరినీ అవమానించలేదు. అంతా రూల్సు ప్రకారమే జరిగింది. నన్ను ఆలోచనలో పడేసింది అదే.

రూల్సు ఏం చెబుతాయి? 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్సులో 9వ నిబంధన ఉంది. ఒప్పందం మీద నియమితుడైన వ్యక్తి ఆ సర్వీసులో సభ్యుడు కాడు, ఆ నియామకం చూపించి వేరే ఉద్యోగానికి ప్రాధాన్యం అడగలేడు అని దాని సారాంశం. సభ్యుడు కానివాడికి సీనియారిటీ లేదు. సీనియారిటీ లేనిచోట ప్రమోషన్ మాటే రాదు. పని మాత్రం పెరుగుతూ పోతుంది. ఇన్‌ఛార్జి బాధ్యతలు వస్తాయి, కొత్తవాళ్ళకి నేర్పే పనీ మీదపడుతుంది. బాధ్యతలో పైకెళ్ళిన మనిషి కాగితం మీద మొదటి రోజు ఎక్కడున్నారో అక్కడే ఉంటారు.

దీనికి అటువైపు ఉన్న వాదన తేలికైనదేం కాదు. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిందదే: ప్రభుత్వోద్యోగం అందరిదీ. బహిరంగ పోటీ లేకుండా లోపలికి వచ్చినవాళ్ళని ఏళ్ళు గడిచాయన్న కారణంతో పర్మినెంట్ చేస్తే, అసలు దరఖాస్తు పెట్టుకునే అవకాశమే రానివాళ్ళకి అన్యాయం జరుగుతుంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనో, అవనిగడ్డలోనో ఇరుకు గదిలో ఉండి, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటూ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే పిల్లల్ని తలుచుకుంటే ఆ మాట కొట్టిపారెయ్యలేం. మా ఆవిడ పదహారేళ్ళూ నిజమే, ఆ పిల్లల ఎదురుచూపులూ నిజమే.

ఇక్కడే మనం రెండు వేర్వేరు విషయాల్ని కలిపేస్తున్నామని నాకనిపిస్తుంది. ఒకటి పోస్టు, రెండోది గడిచిన కాలం. పోస్టు ఒకరికిస్తే ఇంకొకరికి ఉండదు, కాబట్టి దానికి పోటీ ఉండాల్సిందే. కానీ ఆవిడ పనిచేసిన పదహారేళ్ళకి పోటీదారులెవరూ లేరు. వాటిని లెక్కలోకి తీసుకుంటే అశోక్‌నగర్ కుర్రాడి చేతిలోంచి ఏదీ జారిపోదు.

ఇదేదో కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. పై పోస్టులు ఖాళీ లేక ప్రమోషన్ రాని రెగ్యులర్ ఉద్యోగుల కోసం మన రాష్ట్రాల్లో ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ ఉంది. ఒకే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్ళు నిండినవాళ్ళకి కుర్చీ మారకుండానే జీతం పెరుగుతుంది. కేంద్ర ఉద్యోగులకి 10, 20, 30 ఏళ్ళకి ఇలాంటిదే ఉంది. అంటే పోస్టు ఇవ్వలేకపోయినా మనిషి గడిపిన కాలాన్ని గుర్తించాలన్న నీతిని ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది. గోడకి ఇటువైపున్న మాకు మాత్రమే ఒప్పుకుంది.

2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రెగ్యులర్ ఉద్యోగితో సమానంగా అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలంది. గొప్ప తీర్పే. ఆంధ్రప్రదేశ్‌లో కాంట్రాక్టు ఉద్యోగుల నోట్లో నలిగే మాట ‘మినిమమ్ టైమ్ స్కేల్’. ఆ మాటని ఒకసారి విడదీసి చూడండి. టైమ్ స్కేల్ అంటే కాలంతోపాటు పెరిగే జీతం. దానికి ముందు ‘మినిమమ్’ చేర్చి అక్కడే ఆపేస్తే మిగిలేది కాలం కదలని టైమ్ స్కేల్. సమాన పనికి సమాన వేతనమన్న సూత్రం మొదటి రోజు వరకే పనిచేసి ఆగిపోయిందన్నమాట.

“తెలిసే కదా సంతకం పెట్టారు” అంటారు కొందరు. సంతకం పెట్టిన మాట నిజమే. కానీ ఆ ఒప్పందం మీద రెండో సంతకం కూడా ఉంటుంది. ఈ పని పన్నెండు నెలలే ఉంటుందని ప్రతి ఏడూ రాసి, పదహారుసార్లు రెన్యువల్ చేసిన ప్రభుత్వానిది అది. పని తాత్కాలికం కాదని మొదట తెలిసింది దానికే. 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతే ఎత్తిచూపింది. ఉమాదేవి తీర్పుని అడ్డుపెట్టుకుని దీర్ఘకాలం పనిచేసినవాళ్ళ న్యాయమైన కోరికని తిరస్కరించడం తగదంది.

మన ప్రభుత్వాలకి అలవాటైన దారి కటాఫ్ తేదీ. 1994లో 212 జీవో, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు నిండినవాళ్ళని ఎంచుకుంది. తర్వాత 2014 జూన్ 2 వచ్చింది. గీతకి ఇవతల పడ్డవాళ్ళకి అన్నీ ఉంటాయి, ఒక్కరోజు అవతల పడ్డవాళ్ళకి ఏమీ ఉండదు. ఎన్నికల ముందు ఇచ్చే వరంలా ఉంటుందే తప్ప హక్కులా ఉండదు. పైగా క్రమబద్ధం అయినవాళ్ళకీ సాధారణంగా సర్వీసు ఆ ఉత్తర్వు తేదీ నుంచే మొదలవుతుంది. వెనకటి ఏళ్ళు అప్పుడూ గాల్లోనే ఉండిపోతాయి.

నేనడిగేది అంత పెద్దదేం కాదు. రెగ్యులర్ ఉద్యోగంలో చేరిన ప్రతి ఒక్కరికీ ఒక సర్వీస్ రిజిస్టర్ తెరుస్తారు. ఇంక్రిమెంటు, సెలవు, శిక్షణ, బదిలీ, మెచ్చుకోలు, మందలింపు అన్నీ అందులో ఎక్కుతాయి. కాంట్రాక్టు మనిషికి ఉండేది ఏడాదికో ఒప్పంద పత్రం, అంతే. వాళ్ళకీ ఒక రిజిస్టర్ తెరవాలి. అందులోని ఏళ్ళని బట్టి జీతంలో మెట్లుండాలి, హోదా పేరు మారాలి, రేపు ఆ పోస్టుకే పరీక్ష పెడితే ఆ అనుభవానికి కొన్ని మార్కులుండాలి. పోస్టు కోసం పోటీ పడమనండి, ఆవిడ పడతారు. ఆ పదహారేళ్ళు గడవనేలేదని మాత్రం అనకండి.