పదునైదేండ్ల ప్రాయము - వృత్తి నిర్ణయము

కోటి విద్యలు కూటి కొరకే యన్న సామెతను పావగడ తాలూకాలో కాదనగల తండ్రి లేడు. మూడు ప్రక్కల ఆంధ్రదేశపు పల్లెలు చుట్టుకొనియుండగా, కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చేరియున్న యీ సీమలో వానలు తక్కువ. వేరుసెనగ వేసినవాడు ఆకసము వంక చూడవలసినదే. బోరుబావులు వందల అడుగులు దిగినను చాలచోట్ల దొరకునది ఫ్లోరైడు కలిసిన నీరు. ఇంట తెలుగు, బడిలో కన్నడము, పై చదువున ఆంగ్లము. ఈ మూటి నడుమ పెరిగిన బిడ్డ పదవ తరగతి దాటగనే ఇకమీద ఏమి కావలెనను ప్రశ్న పుట్టును. నిజమునకు ఆ ప్రశ్నను బిడ్డ నెవ్వరును అడుగరు. పెద్దలే అడిగికొని, పెద్దలే బదులు చెప్పుకొందురు. ఇది న్యాయమా యనునదే ఇచట మా విచారము.

గడచిన వేసవిలో ఎస్సెస్సెల్సీ ఫలితములు వచ్చిన కొన్ని దినములకు ఒక ఉపాధ్యాయుని యింట మేము కూర్చుండియుంటిమి. ఒక రైతు తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చెను. పిల్లవానికి మంచి మార్కులే వచ్చినవి. "అయివారూ, నాకేం తెలుస్తాది? మీరేది రాయమంటే అది రాస్తాడు" అని తండ్రి చేతులు కట్టుకొని నిలిచెను. అయివారు మార్కుల కాగితము చూచి, ఇన్ని మార్కులు వచ్చినవానికి సైన్సు గాక మరేమి యనిరి. పావుగంటలో పీయూసీ దరఖాస్తు పూర్తియైనది. ఆ పిల్లవాడు సెలవు దినములలో బోరు మోటార్లు బాగుచేయు అంగడిలో కూర్చుండి పని నేర్చుకొనుచుండెనని, వాని వ్రేళ్ల మీద రాగితీగ కోసిన గాట్లు కలవని మాకు తెలియును. తెలిసియు నోరు మెదపమైతిమి. పరుల యింటి సంగతి మనకేల యనుకొంటిమి.

ఆ నిర్ణయము తప్పని మేమనము. ఆ బాలుడు రేపు మంచి ఇంజనీరు కావచ్చును. అయివారు కీడు కోరినవారు కారు; తండ్రి అంతకంటెను కారు. ఐనను, మేలైన నిర్ణయమే యైనను, ఎవని బ్రతుకును గూర్చి చేయుచున్నామో వానిని అడుగక చేసినపుడు అది వాని నెత్తిన అప్పుగా మారును. పరీక్ష తప్పిన నాడు, మీరు చెప్పితిరనియే చేరితినని వాడనును. నీ కొరకే గదా యింత చేసితిమని వీరందురు. బాధ్యత ఎవరి చేతను నిలువదు.

పూర్వము పుట్టుకయే వృత్తిని నిర్ణయించెడిది. కుమ్మరి కొడుకు సారె చెంతకు, కమ్మరి కొడుకు కొలిమి చెంతకు పోవలసినదే. ఆ అన్యాయము కొంత తొలగినది; పూర్తిగా తొలగెనని యెవరు చెప్పగలరు? దాని పీట మీద ఇప్పుడు మార్కులు కూర్చున్నవి. ఎక్కువ వచ్చినచో సైన్సు, నడిమివానికి కామర్సు, తక్కినవారికి ఆర్ట్సు. ఒక్క సంగతిలో పాతకాలము నయమేమో! కుమ్మరి కొడుకు సారెను కన్నులార చూచి పెరిగెను. నేటి బిడ్డ తాను ఎన్నడును చూడని పనికి బ్రతుకంతయు వ్రాసియిచ్చుచున్నాడు. వృత్తిని ఎన్నుకొనుటను గూర్చి అమెరికాలో ఫ్రాంక్ పార్సన్సు వ్రాసిన గ్రంథము ఆయన మరణానంతరము 1909లో వెలువడినది. అది చెప్పినవి మూడే సంగతులు: తన్ను తానెరుగుట, పని నెరుగుట, ఆ రెంటిని సరిచూచుకొనుట. మన దేశమున 1952-53 నాటి మొదలియారు సంఘము, 1964-66 నాటి కొఠారీ సంఘము పాఠశాలలలో మార్గదర్శనము ఉండవలెననియే చెప్పినవి. ఆరవ తరగతికి, ఎనిమిదవ తరగతికి నడుమ పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేక వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి పనివారి చెంత గడుపవలెనని 2020 నాటి జాతీయ విద్యా విధానము వ్రాసినది. కాగితములో లోపము లేదు.

చూపదగిన పని పావగడలో లేకపోలేదు. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రము మొదలుగా అయిదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరముల నేలపై సౌర విద్యుత్కేంద్రము వెలసినది. 2018 మార్చి 1వ తేదీన ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల శక్తికి చేరినది. ఆ నేలను ప్రభుత్వ సంస్థ కొనలేదు. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున, రెండేండ్లకొకమారు నూటికి అయిదు పెంచు నిబంధనతో, 25 సంవత్సరములకు తక్కువ కాని గడువునకు కవులు తీసికొనినది. వరుస కరవులతో నలిగిన రైతునకు వాన రాకున్నను వచ్చు రాబడి యిది. దానిని కాదనవలసినదని చెప్పుటకు మాకు నోరాడదు. కాని ఆ కాగితము మీద తండ్రి సంతకము చేసిన నాడు ఇంట పదునైదేండ్ల కొడుకుండినచో, ఆ నేల తిరిగి చేతికి వచ్చునప్పటికి వానికి నలుబది దాటును. సేద్యము చేయుదువా, మానుదువా యని వాని నెవరైన అడిగిరా? ఒక వృత్తి వాని ముందునుండి తొలగిపోయినది. వానికి తెలియకయే తొలగిపోయినది. అదే నేలలో కూలి చేసికొని బ్రతికిన యింటి బిడ్డ సంగతి మరియు కష్టము. వాని తండ్రికి కవులు డబ్బును లేదు, కలుపుతీత కూలియును లేదు.

ఆ పలకల వరుసలలో ఊరివారికి ఎక్కువగా దొరకినవి పలకలు తుడుచుట, గడ్డి కోయుట, కావలి కాయుట. పలకలనుండి వచ్చు ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టరు ఎట్లు మార్చునో, సబ్‌స్టేషనులో దాని వోల్టేజిని పెంచి దూరమునకు ఎట్లు పంపుదురో తెలిసినవానికి వేరొక పని కలదు. ఆ తెలివికి త్రోవలు ఏవి? పదవ తరగతి తరువాత ఐటీఐలో ఎలక్ట్రీషియను శిక్షణ రెండేండ్లు. పాలిటెక్నికులో డిప్లొమా మూడేండ్లు. డిప్లొమా ముగించినవాడు ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగ చేరవచ్చును. పీయూసీలో గణితము విడిచినవానికి ఇంజనీరింగు తలుపు మూయబడును. జీవశాస్త్రము విడిచినవానికి వైద్యపు త్రోవయు కఠినమగును. ఇవి అర్ధగంటలో తెలుగున చెప్పదగిన సంగతులు. తెలుగున అని ఏల యనుచున్నామనగా, తల్లులలో అనేకులకు కన్నడపు మాట తెలిసినను చదువ రాదు. దరఖాస్తులోని ఆంగ్లము ఎటులను తెలియదు. చేవ్రాలు మాత్రము వారిదే కావలెను. పావగడ బిడ్డ పలుకు తెలుగైనను, ఎల్లకు ఆవలనున్న మేనమామ కొడుకుతో సమానుడు కాడని కూడ చెప్పవలెను. రాజ్యాంగపు 371-డి అధికరణము ననుసరించి ఆంధ్రప్రదేశములో ఉద్యోగములకు స్థానికత చూతురు.

బడి చేయవలసినది ఇది. ఇంటివారు చేయవలసినది ఇంతకంటె కష్టము. అది లెక్క చెప్పుట. ఇంట ఎంత కలదు, ఎంత అప్పు కలదు, ఎన్నేండ్లు చదివింపగలము అను మాటను తండ్రి కొడుకునకు చెప్పుటకు సిగ్గుపడును. బిడ్డ మనసు చిన్నబోవునని దాచును. తుదకు రెండవ యేట ఫీజు కట్టలేక చదువు నిలిచినపుడు ఆ బిడ్డకు సత్యము తెలియును. అప్పటికి చేయదగినది ఏమియు లేదు. పదునైదేండ్లవానికి అప్పు సంగతి తెలియక పోవునా? గోడలకు చెవులున్నవి, పిల్లలకు అంతకంటె ఎక్కువ చెవులున్నవి. త్యాగము చేసిన తండ్రికి నిర్ణయించు హక్కు లేదా యని కొందరడుగుదురు. తన మాట వినిపించుకొను హక్కు సంపూర్ణముగ కలదని మా యభిప్రాయము. పొట్ట కట్టుకొని చదివించినవాని మాటను పెడచెవిన పెట్టు కొడుకును మేము మెచ్చుకొనము. కాని విన్న పిదప అవునో కాదో చెప్పవలసినది ఆ కొడుకే.

ఆడపిల్ల విషయమున ఇంత విచారమును జరుగదు. ఆమె చదువును నిర్ణయించునది కళాశాల యెంత దూరమున కలదను మాట. 2023 జూన్ 11వ తేదీ నుండి శక్తి పథకము క్రింద కర్ణాటకమున స్త్రీలకు ప్రభుత్వ బస్సులలో టిక్కెట్టు లేదు. సౌరకేంద్రమునకు పెట్టిన పేరును శక్తిస్థలయే. ఈ రెండు శక్తులలో మా యాడబిడ్డలకు ఎక్కువ వెలుగునిచ్చినది బస్సేయని మేమందుము. ఐనను టిక్కెట్టు లేని బస్సు చీకటి పడకముందే ఊరు చేర్చవలెను గదా! లేనిచో తల్లి పంపదు, ఆమెను తప్పుపట్టలేము.

మన సంఘములు ఏటేట మంచి మార్కులు వచ్చిన పిల్లలను వేదిక నెక్కించి శాలువ కప్పుచున్నవి. ఆ ఖర్చు కొంత తగ్గించి, వచ్చు ఏప్రిలులో ఒక ఆదివారము బెంగళూరునుండి మన సభ్యులు కొందరు పావగడకు పోవలెనని మా మనవి. వకీలు, నర్సు, లైన్‌మను, బ్యాంకు గుమాస్తా, లారీ నడుపువాడు, అందరును రావలెను. ఉపన్యాసము వలదు. పని యేమి, జీతమెంత, చేతికి మిగులునదెంత, రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరుదురు, ఎచట మోసపోయిరి అను సంగతులు పిల్లల యెదుట, వారి తల్లిదండ్రుల యెదుట తెలుగున చెప్పిన చాలును. మోటార్లు బాగుచేయు ఆ అంగడివానిని కూడ పిలిచితిమి. తనకేమి మాటలాడుట వచ్చునని మొదట నవ్వి, తరువాత ఒప్పుకొనెను. ఆ రైతుకు ఇంకొక బిడ్డ, కూతురు, ఈ యేడు పదవ తరగతి చదువుచున్నది. ఆమెను వెంటబెట్టుకొని తప్పక వత్తునని చెప్పినాడు.