కమిట్ల గొలుసులో ‘అదే ఫైలు’ ఏది?

ఫైళ్ళలో మార్పులను నమోదుచేసే సాధనమైన గిట్‌లో ‘లాగ్’ ఆదేశం ప్రాజెక్టు చరిత్రను కొత్త కమిట్ నుంచి పాతదాని వైపు చూపుతుంది. ప్రతి కమిట్ ఆ క్షణాన ప్రాజెక్టు మొత్తం ఎలా ఉందో నిలిపి ఉంచుతుంది. రాసినవారి పేరు, తేదీ, సందేశం, తనకు ముందున్న కమిట్ గుర్తు కూడా అందులోనే ఉంటాయి. వీటన్నిటినీ కలిపి లెక్కగడితే వచ్చేదే ఆ కమిట్ గుర్తు. సాధారణంగా 40 అక్షరాల షా-1 విలువ. అందుకే వెనకటిది ఒక్కటి మారినా తర్వాతివాటి గుర్తులన్నీ మారిపోతాయి. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన ఈ ఏర్పాటులో, పేరు మారినా తానుగా కొనసాగే ‘ఫైలు’ అంటూ ఏదీ నమోదు కాదు. మరి ఒక ఫైలు చరిత్ర వెతికేవారు దేన్ని వెతుకుతున్నట్టు?

ఈ ప్రశ్న కృష్ణా డెల్టాకు కొత్త కాదు. అక్కడి గుడివాడలో, దానికి దక్షిణాన ఘంటసాలలో బౌద్ధ స్తూపాలు ఉండేవి; పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే 1894లో వాటిపై నివేదిక ప్రచురించాడు. ఘంటసాల శాసనాల్లో అపరశైలీయులనే బౌద్ధ శాఖ పేరుంది. పాలి గ్రంథం కథావత్థులో ఒక వాదం కనిపిస్తుంది: పుట్టినవన్నీ అనిత్యం కనుక అవి ఒక్క చిత్తక్షణమే, అంటే మనసు ఒక్కసారి మెదిలేంతసేపే, నిలుస్తాయి. ఇది పూర్వశైలీయుల, అపరశైలీయుల మతమని ఆ గ్రంథపు వ్యాఖ్యానం చెబుతుంది. ఆ గ్రంథం ఎవరి పక్షాన వాదిస్తుందో ఆ స్థవిరవాదులు దీన్ని ఒప్పుకోలేదు. అలాగైతే మహాపృథ్వి, సముద్రం, మేరువు, చెట్టూ చేమా కూడా చిత్తక్షణంలోనే ఉంటాయా అని నిలదీశారు.

గిట్ ఇద్దరికీ చోటిస్తుంది. కమిట్లు దేనికవే వేరు. ఒకదాన్ని ఇంకొకదానికి కలిపేది ముందుదాని మీద ఆధారపడటమే. ఇది శైలీయుల పక్షం. అయితే మారని ఫైలు సారాన్ని గిట్ మళ్ళీ సృష్టించదు; కొత్త కమిట్ కూడా పాత వస్తువునే చూపుతుంది. అక్కడ స్థవిరుల అభ్యంతరం నిలబడుతుంది, అది బలమైనదే.

అసలు చిక్కు పేరు మార్పు దగ్గర వస్తుంది. పేరు మారిందని గిట్ రాసిపెట్టుకోదు. ‘లాగ్’కు ‘ఫాలో’ జతచేస్తే, మాయమైన ఫైలును, కొత్తగా వచ్చినదాన్ని పోల్చి, పోలిక కనీసం 50 శాతం ఉంటే ఒకటే అనుకుంటుంది. ఆ హద్దును అడిగేవారు మార్చుకోవచ్చు. అంటే గొలుసు యథార్థం, ‘అదే’ అన్నది ఊహించి తేల్చిన తీర్పు. ఆత్మ లేదన్న బౌద్ధులు సంతానం అన్నది ఇలాంటి గొలుసునే.

కర్మ ప్రశ్న ఇక్కడే లేస్తుంది: చేసినవాడు, ఫలం పొందేవాడు ఒకరే కాకపోతే బాధ్యత ఎవరిది? గొలుసు తెగనంతవరకు బాధ్యత తెగదన్న బౌద్ధుల జవాబు ఇక్కడ సరిపోతుంది, కానీ దాన్ని పట్టుకోవడానికి ఓపిక కావాలి. ‘బ్లేమ్’ ఆదేశం ప్రతి పంక్తిని చివరిసారి మార్చినవారినే చూపుతుంది. ఖాళీలు మాత్రమే సర్దినవారి పేరూ అక్కడ పడవచ్చు. ఖాళీల మార్పును పక్కనపెట్టమని, వేరే ఫైలు నుంచి వచ్చిన పంక్తులనూ వెతకమని విడిగా కోరితేనే, ఆ మాట మొదట రాసినవారి దాకా వెళ్ళే వీలుంటుంది.